కాలు తగిలిన కాగితం

ఆ కబురు మొదట నాకు చెప్పింది జురాంగ్ ఈస్ట్ మార్కెట్లో పూలమ్మే ఆంటీ. శుక్రవారం పూజకని మల్లెపూలు కొనబోతే, మూర కొలుస్తున్న చెయ్యి ఆపి, "మీ చెప్పుల అంకుల్ పోయాడమ్మా. రెండు వారాలైంది. నీకెవరూ చెప్పలేదా?" అంది. ఆంటీది తమిళం. నాతో మాత్రం ఎన్నో ఏళ్ళుగా తనకు వచ్చిన తెలుగులోనే మాట్లాడుతుంది.

నాకెవరు చెబుతారు? ఆయన చైనీస్ మనిషి. మాకు చుట్టం కాదు. ఆయన పేరేమిటో కూడా మాకు తెలియదు. బూన్ లేలో మేమున్న పాత అపార్టుమెంటు బ్లాకు కింద, రెండు స్తంభాల మధ్య చెక్కపెట్టె పెట్టుకుని చెప్పులు కుట్టేవాడు. ఆ బ్లాకే ఇప్పుడు లేదు. పడగొట్టి, చుట్టూ రేకులు కట్టి, కొత్తవి లేపుతున్నారు.

పూలు తీసుకుని ట్రైనెక్కాను. ఒళ్ళో ఉన్నవి మల్లెపూలే గానీ, ఇంటికి చేరేదాకా నాకు వచ్చింది రబ్బరు సొల్యూషన్ వాసన. దాని వెనక నువ్వుల నూనె వాసన. దాని వెనక కాలిన అట్లకాడ వాసన. భగవంతుడు నాకిచ్చిన చిన్నతనమంతా ఆ మూడు వాసనల్లోనే ఉంది. ఇచ్చినందుకు ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను, అందులో దెబ్బలు లేని రోజు ఒక్కటీ గుర్తుకు రాకపోయినా.

నాన్న ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్. శ్రీకాకుళం వైపు నుంచి ముందు తను ఈ దేశం వచ్చి, తరవాత మమ్మల్ని తెచ్చుకున్నాడు. సాయంత్రం ఇంటికి వస్తే చొక్కా నిండా కాలిన ఇనుము వాసన. యార్డులో మోతల మధ్య అరిచి అరిచి, ఇంట్లో మంచినీళ్ళు కూడా అరిచే అడిగేవాడు. గాలి మళ్ళినప్పుడు ఫ్యాక్టరీల వైపు నుంచి కోకో వాసన వచ్చి, అమ్మ పెట్టే ఉల్లిపాయల పులుసు పోపులో కలిసేది. ఆ కలిసిన వాసన ఇప్పుడు డబ్బిచ్చి కొందామన్నా దొరకదు.

నాకు ఇక్కడి బడిలో సీటు దొరకలేదు. వరసగా రెండేళ్ళు లేదన్నారు. అమ్మ పెళ్ళికి ముందు టీచరు ట్రైనింగు చేసింది. "బడి లేకపోతే నానే బడి" అని వంటింటి బల్ల మీద నాకు చదువు మొదలుపెట్టింది. పొద్దున్నే స్నానం, దీపం, శ్లోకం. ఆ తరవాత తెలుగు వాచకం, లెక్కలు, కాస్త ఇంగ్లీషు. పుస్తకం తెరిచేముందు కళ్ళకద్దుకోవాలి, మూసేముందు కళ్ళకద్దుకోవాలి. పొరపాటున కాలు తగిలితే వేళ్ళతో ముట్టుకుని మూడుసార్లు కళ్ళకద్దుకుని, "తల్లీ సరస్వతీ, తప్పయింది" అనాలి. అనకపోతే అమ్మవారు ఆ ఇంట్లోంచి లేచి వెళ్ళిపోతుంది, పోతూ పోతూ మనకొచ్చిన అక్షరాలు కూడా పట్టుకుపోతుంది అనేది అమ్మ. నేను నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను.

తమ్ముడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. రెండు చేతులూ బిగుసుకుపోయి పుట్టాడు. మోచేతులు వంగవు. మణికట్లు లోపలికి తిరిగి కొక్కేల్లా ఉంటాయి. వేళ్ళు విడివడవు. కాళ్ళు మాత్రం ఒకచోట నిలిచేవి కావు. బుర్ర సంగతి చెప్పక్కర్లేదు, నేను పది రోజులు బట్టీపట్టిన శ్లోకం వాడు పక్కన ఆడుకుంటూ విని మర్నాడు తప్పు లేకుండా చెప్పేవాడు.

వాడికి ఏడేళ్ళు నిండిన ఏడాది ఒక ఉత్తరం వచ్చింది. ఇలాంటి పిల్లలకు ప్రత్యేకంగా ఒక బడి ఉంది, అందులో సీటు రావచ్చు, ఏడాది చివర పిల్లవాణ్ణి తీసుకొచ్చి రాత చూపించాలి అని. నాన్న మొత్తం విని ఒకటే మాట అన్నాడు.

"రాస్తే బడికి. రాయలేకపోతే ఊరికి. అన్నయ్య ఇంట్లో ఉంటాడు. ఈ నాలుగు గోడల మధ్య ఎన్నాళ్ళు కూకోబెడతాం?"

ఊళ్ళో పెదనాన్న ఇంట్లో వాడి బతుకెలా ఉంటుందో అమ్మకు తెలుసు. గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరో ఒకరికి తీరికై నాలుగు ముద్దలు నోట్లో పెట్టేదాకా ఎదురుచూడటం. చదువు ఊసే ఉండదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో యుద్ధం మొదలైంది.

కింద కిరాణా కొట్లో చీపుళ్ళ పక్కన సన్నటి బెత్తాలు కట్టలుగా వేలాడుతుండేవి, రంగు రంగుల ప్లాస్టిక్ పిడులతో. ఆ బ్లాకులో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటుండేది. అమ్మ గులాబీ రంగు పిడిది తెచ్చి, సరస్వతి పటం పక్కన మేకుకు తగిలించింది.

పొద్దున్నే నువ్వుల నూనె వెచ్చచేసి, తమ్ముణ్ణి చాప మీద పడుకోబెట్టి, కదలకుండా మోకాలు ఆనించి వాడి చేతులు లాగేది. ఆసుపత్రిలో మెల్లగా సాగదీయమన్నారు. ఏడాది చివరకి నాలుగు నెలలే ఉంది, అమ్మకు మెల్లగా చేసే తీరిక లేదు. వాడి కేకలు కారిడారు ఆ చివరిదాకా వినిపించేవి. పక్కింటి మలయ్ ఆంటీ మా గ్రిల్లు తలుపు పట్టుకుని ఊపుతూ, "చుకుప్! చుకుప్ లా!" అని అరిచేది, చాలు చాలని. మాట చివర 'లా' ఇక్కడందరి ఊతపదం. అమ్మ లోపల్నుంచి, "నా కొడుకు, నా ఇష్టం! నువ్వొచ్చి రాయిస్తావేటి?" అని తెలుగులోనే అరిచేది. ఒకరి భాష ఒకరికి రాదు. తగువు మాత్రం ఇద్దరికీ పొల్లుపోకుండా అర్థమయ్యేది.

తరవాత రాత. పాత చీర అంచు చింపి, పెన్సిలు వాడి పిడికిలికి కట్టేది. భుజం ఊపితే పెన్సిలు కదిలి కాగితం చిరిగేది. జారితే బెత్తం మొదట బల్ల మీద పడేది, తరవాత వాడి వేళ్ళ మీద.

"పట్టుకోరా! గట్టిగా పట్టుకో!"

"హ్యాండ్ కాంట్ లా, అమ్మా! కాంట్!"

"కాంటూ లేదు గీంటూ లేదు! రాయి!"

వాడివైపు చూసినందుకు నాకొకటి పడేది. కొట్టిన గంటకి అదే చేత్తో పులుసన్నం కలిపి, ముద్ద ముద్దకీ నెయ్యి అద్ది వాడి నోట్లో పెట్టేది. వాడు వెక్కుతూ తినేవాడు. "ఏడుస్తూ మింగకురా, పొలమారతాది," అనేది. వాడి చేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి, అమ్మ కళ్ళూ అంతే.

మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చే ఒక్క గంటే మాది. మేముండేది నాలుగో అంతస్తు. ఆ పాత లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగదు, మాకు దగ్గర్లో ఐదులోనే ఆగేది. చప్పుడు కాకుండా మెట్లెక్కి లిఫ్టెక్కేవాళ్ళం. తమ్ముడు చెప్పు విడిచి, గోడకు వీపు ఆనించి, కాలెత్తి బొటనవేలితో మీట నొక్కేవాడు. ఒకసారి సంచితో ఎక్కిన చైనీస్ ముసలమ్మ ఆ కాలు చూసి, "ఐయో!" అని సంచి వదిలేసింది. నారింజలు లిఫ్టంతా దొర్లాయి. వాడే ఒక్కొక్కటీ కాలితో దొర్లించి ఆవిడ దగ్గరికి చేర్చాడు. ఆవిడ గొణుక్కుంటూనే రెండు మాకిచ్చింది.

కింద పిల్లలు వాణ్ణి కోడి అనేవాళ్ళు. చేతులు మడిచి, మెడ ఊపుతూ వెనకాల నడిచేవాళ్ళు. ఒకరోజు ఒకడు వెనకనుంచి తోసేశాడు. చేతులు అడ్డం పెట్టుకోలేడు కదా, నేరుగా ముఖం మీద పడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు. నేను చెప్పు తీసి తోసినవాడి చెవి మీద ఒక్కటిచ్చాను. మిగతావాళ్ళు నా జడ దొరకబుచ్చుకుని లాగారు. అప్పుడు ఎక్కడినుంచో ఒక నల్ల బూటు ఎగిరొచ్చి వాళ్ళలో ఒకడి వీపున ధబీమని తగిలింది. దాని వెనకే రెండోది.

చెప్పుల అంకుల్. చిల్లుల బనీను, పొట్టి నిక్కరు, నోట్లో సగం పళ్ళు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉన్నాడు. తరవాత తమ్ముడివైపు తిరిగి, "యూ. షూ. బ్రింగ్," అన్నాడు. వాడి చేతులవైపు చూడనే లేదు. తమ్ముడు నెత్తురు కారుతున్న మూతితోనే ఆ రెండు బూట్లూ కాలివేళ్ళతో పట్టి ఈడ్చుకెళ్ళాడు.

ఆయన పనిచేసే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చెప్పులు విడిచి, బూటుని రెండు అరికాళ్ళ మధ్య బిగించేవాడు. మైనం రాసిన దారం కొసని బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నొక్కిపట్టి, చేతులతో కుట్టేవాడు. తమ్ముడు నోరు తెరుచుకుని ఆ వేలినే చూస్తూ నిలబడిపోయాడు. అంకుల్ వాడి చేతులు చూశాడు, కాళ్ళు చూశాడు, తన బొటనవేలు ఆడించి చూపించాడు.

"దిస్ ఆల్సో హ్యాండ్ లా," అన్నాడు.

చెప్పు అడుగు రబ్బరు కోసి పెన్సిలుకి ఉంగరంలా తొడిగాడు, వేలికి పట్టు దొరకడానికి. బూట్ల పెట్టెల అట్టమూతలు నేలమీద పరిచాడు. అలా మొదలైంది. మెత్తని మనిషేం కాదు. పెన్సిలు జారితే సుత్తి పిడితో వాడి కాలివేళ్ళ మీద టక్కున కొట్టేవాడు. "అగైన్!" వాడు ఏడిస్తే ఏడవనిచ్చి, తన టిఫిను తుంచి, నూనెలో వేయించిన పొడుగు పిండి కడ్డీ ముక్క కాఫీలో ముంచి వాడి నోట్లో పెట్టేవాడు. తెలుగు అక్షరాలు ఆయనకేం తెలుసు? అవి నా వంతు. పొద్దున అమ్మ నాకు చెప్పినవి మధ్యాహ్నం నేను వాడికి గీసి చూపించేదాన్ని. కాలితో అక్షరాలు రాయించడం తప్పు కదా అని భయం వేసేది. అట్టముక్క పుస్తకం కాదులే, దాని మీద బూటు బొమ్మ ఉంది గానీ సరస్వతి లేదులే అని సర్దిచెప్పుకునేదాన్ని.

దసరాల్లో మూలా నక్షత్రం రోజు. పుస్తకాలన్నీ పటం ముందు పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి పూజ చేసుకున్నాం. ఆ రోజు చదవకూడదు. అమ్మ వంటింట్లో అట్లు పోస్తోంది. తమ్ముడు కనుబొమలెగరేసి నన్ను గదిలోకి పిలిచాడు.

చాప మీద నా తెలుగు వాచకం. పూజ దగ్గర్నుంచి కాలితోనే లాక్కొచ్చాడు. మొదటి పేజీ తెరిచి ఉంది. అమ్మ రాసిన "శ్రీ" కింద వాడి పేరు. మూడక్షరాలు, వంకరటింకరగా. కాలివేళ్ళ మధ్య పెన్సిలు ఇంకా అలాగే ఉంది.

"అక్కా, సీ! రియల్ బుక్!"

నేను చూసింది పేరు కాదు. కుంకుమ మీద వాడి మడమ ముద్ర. అమ్మవారు లేచింది, గుమ్మం దాటుతోంది, నా అక్షరాలన్నీ పట్టుకుపోతోంది అనిపించింది. బడి లేనిదాన్ని. నాకున్నవి అవే.

"అమ్మా! తమ్ముడు పుస్తకం తొక్కాడు!" అని అరిచాను.

రాశాడు అనలేదు. తొక్కాడు అన్నాను.

అమ్మ చేతిలో అట్లకాడతోనే వచ్చింది. పుస్తకం చూసింది, కుంకుమ చూసింది, వాడి వేళ్ళ మధ్య పెన్సిలు చూసింది. వాడి కుడి మడమ దొరకబుచ్చుకుని, "ఈ కాలేనా? ఈ కాలేనా?" అంటూ కాలుతున్న అట్లకాడ బొటనవేలి మీద ఆనించింది. ఒక్క క్షణమే. పెనం మీద పిండి పడితే వచ్చే చప్పుడే వచ్చింది.

తమ్ముడి నోరు తెరుచుకుంది గానీ కేక రాలేదు. తరవాత వచ్చింది. మలయ్ ఆంటీ గ్రిల్లు తోసుకుని లోపలికొచ్చి, వాణ్ణి ఎత్తి కుళాయి కింద కాలు పెట్టి, మళ్ళీ వచ్చి అమ్మ చేతిలోని అట్లకాడ లాక్కుని కారిడారు మీంచి విసిరేసింది. నాలుగంతస్తుల కింద సిమెంటు మీద అది మోగిన మోత నేను చచ్చేదాకా మరిచిపోను.

సాయంత్రం నాన్న వచ్చి కట్టు చూశాడు.

"ఎవలు సేసినారిది?"

"నానే," అంది అమ్మ.

నాన్న మేకు మీది బెత్తం తీశాడు. గులాబీ పిడి విరిగి ఎగిరిపోయేదాకా కొట్టాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. స్టవ్ గట్టు పట్టుకుని నిలబడి, ఎన్ని పడ్డాయో అన్నీ తీసుకుంది. చివరికి నాన్నే కింద కూలబడి ఏడ్చాడు. "పరీచ్చా లేదు, గిరీచ్చా లేదు. ఊరికి పంపించేస్తాను. ఈడుంటే నువ్వే సంపేస్తావు ఆణ్ణి."

"పరీక్ష అయినాక పంపండి," అంది అమ్మ. పెదవి వాచి మాట సరిగా రాలేదు. "ఐదు వారాలాగండి. ఆ తరవాత మీ ఇష్టం."

నేను మూల నిలబడి ఉన్నాను. తొక్కలేదు, రాశాడు అని అప్పుడూ చెప్పలేదు.

మర్నాడు నాన్న పనికి వెళ్ళగానే అమ్మ నన్ను గోడకేసి నొక్కింది. "ఎవలు నేర్పినారే ఆడికీ బుద్ధి?" నేను రెండోసారి కూడా చెప్పేశాను. విరిగిన బెత్తం పట్టుకుని అమ్మ మెట్లు దిగింది. వెనక నేను, నా వెనక ఒంటికాలి మీద గెంతుతూ తమ్ముడు.

"చెప్పుల మధ్యన నా కొడుక్కి అక్షరాలు నేర్పుతావా? సరస్వతిని కాళ్ళ కింద ఏయిస్తావా?" అంటూ అమ్మ ఆయన పెట్టె మీద బెత్తంతో బాదింది. పాలిష్ డబ్బాలు దొర్లిపోయాయి. అంకుల్ లేచాడు. తమ్ముడి కాలి కట్టు చూశాడు. అమ్మ ముఖం చూశాడు. చెప్పులు బోర్లించి కొట్టే ఇనపదిమ్మె తీసి విసిరాడు. అది అమ్మ చెవి పక్కనుంచి వెళ్ళి స్తంభానికి తగిలింది. పెచ్చు ఊడి, సున్నం రాలి అమ్మ జుట్టంతా తెల్లబడింది.

తరవాత ఆయన పెట్టె తన్ని బోర్లించాడు. అడుగున దాచిన అట్టమూతలు తీసి, ఒక్కొక్కటే అమ్మ కాళ్ళ ముందు విసిరాడు.

"యూ సీ! సీ!"

మొదటి అట్ట మీద గీతలు. కోడి కెలికినట్టు. తరవాతి వాటి మీద అడ్డగీతలు, నిలువుగీతలు. ఆ పైన సున్నలు. ఆ పైన అక్షరాలు, ముందు అరచేతంత, తరవాత బొటనవేలంత. చివరి దాని మీద వాడి పేరు. ఆయన వాటిని వరస తప్పకుండా ఉంచాడు.

అమ్మ నిలబడి చూసింది. వంగి చూసింది. సిమెంటు మీద కూర్చుంది. అట్టలు ఒళ్ళో పెట్టుకుని, పిల్లల నోటుపుస్తకాలు దిద్దే టీచరులా ఒక్కొక్కటే తిప్పింది.

"ఇది ఎప్పుడిది?" అని నన్నడిగింది.

"శ్రావణమాసంలోదమ్మా."

"ఇది?"

"వినాయకచవితి అయ్యాక."

చివరి అట్ట దగ్గర ఆగింది. రాత చూస్తే ఏ గీత ముందు గీశారో, ఏది తరవాత గీశారో చెప్పగలదు మా అమ్మ.

"తలకట్టు ముందు పెట్టి, అక్షరం తరవాత రాస్తన్నాడు. ఎవరే నేర్పింది?"

"నేనే."

చెంప పగిలిపోయింది. "ఎన్నిసార్లు చెప్పినాను నీకు, అక్షరం అయినాకే తలకట్టని! ఇప్పుడు తప్పు పడితే జన్మకి పోదే ఆడికి!"

చెంప మండుతూనే ఉంది. కానీ ఆ దెబ్బ కాలితో రాయించినందుకు కాదు, తప్పు రాయించినందుకని నాకు తెలిసింది. తమ్ముడికి కూడా తెలిసిపోయినట్టుంది, ఒంటికాలి మీద నిలబడి నవ్వుతున్నాడు.

అమ్మ అట్టలన్నీ ఏరి, అక్కడే, ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుంది. దొర్లిపోయిన పాలిష్ డబ్బా ఒకటి తీసి అంకుల్ ముందు పెట్టింది. వాళ్ళిద్దరి మధ్యా అంతకుమించి మాటలు ఎప్పుడూ జరగలేదు.

కానీ కాలిన వేలు వంగదు. చర్మం బిగిసింది, రెండు నెలలు పడుతుంది అన్నారు ఆసుపత్రిలో. ఉన్నవి ఐదు వారాలు. కుడికాలితో రెండు నెలల్లో నేర్చుకున్నది ఎడమకాలితో మొదటి గీత నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అమ్మ చేసిన పని అది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

అమ్మ కొత్త పద్ధతి పెట్టింది. ముందు పసుపునీళ్ళతో కాలు కడగాలి. కాగితం నేలమీద పెట్టకూడదు. తను బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్ళో పీట పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టేది. వాడు ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని అమ్మ ఒళ్ళో కాలు చాపి రాసేవాడు. పేజీ అయ్యాక కళ్ళకద్దుకోవాలి. వాడి చేతులు కళ్ళదాకా రావు.

"ఆడి బదులు నువ్వద్దుకో," అంది నాతో. "రాశాడని చెప్పలేదు కదా నువ్వు. తొక్కాడని చెప్పినావు."

ఆ ఐదు వారాల్లో వాడు రాసిన ప్రతి కాగితం నా కళ్ళను తాకింది. భగవంతుడు నాకు వేసిన శిక్ష అంత సుతారంగా వేసినందుకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

బెత్తం పోలేదు. అమ్మ మర్నాడే కొత్తది కొనుక్కొచ్చింది, ఈసారి నీలం పిడి. అయితే అది వాడి మీద పడలేదు. వాడి వేలు జారిన ప్రతిసారీ తన ఎడమచేతి మీద కొట్టుకునేది. వాడికి అది మరీ భయం. "అమ్మా, స్టాప్ లా! రాస్తా, నేను రాస్తా!" అని ఏడుస్తూ వేలు కొంకర్లు పోయేదాకా రాసేవాడు. రెండింట్లో ఏది ఎక్కువ క్రూరమో నాకిప్పటికీ తెలియదు. మధ్యాహ్నం అమ్మే గిన్నెలో పులిహోర పెట్టి మమ్మల్ని కిందికి పంపేది. అంకుల్ ఎడమ వేలికి కొత్త రబ్బరు ఉంగరం కోసిచ్చాడు. సుత్తి పిడి మాత్రం మానలేదు.

పరీక్ష రోజు నాన్న రానన్నాడు. ఊరికి టికెట్టు సంగతి వాకబు చేసి ఉంచాడు. అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. చంకలో పీట పెట్టుకుని ట్రైనెక్కింది. అందరూ ఆ పీటకేసే చూశారు.

నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది. చైనీస్ మేడం ఒకావిడ బల్ల మీద కాగితం, పెన్సిలు పెట్టింది.

"నో టేబుల్, మేడం," అంది అమ్మ. పట్టుచీరతో నేలమీద కూర్చుని, ఒళ్ళో పీట పెట్టుకుని, కాగితం దాని మీద సర్దింది. తమ్ముడు కాలు చాపి రాశాడు. మేడం వంగి చూసింది.

"వాట్ ఈజ్ దిస్?"

"హిజ్ నేమ్, మేడం. తెలుగు."

"ఐ కెనాట్ రీడ్. హౌ డూ ఐ నో ఇట్స్ హిజ్ నేమ్?"

ఆవిడ కోపంగా అడగలేదు, ఫారం నింపాలి కాబట్టి అడిగింది. అమ్మ అన్ని వారాలూ తెలుగు తప్ప ఇంకో అక్షరం రాయించలేదు. ముందు మన అక్షరాలు రావాలి, మిగతావి బడిలో వాళ్ళే చెబుతారు అనుకుంది. అడిగేది ఆ బడివాళ్ళేనని తోచనే లేదు.

మేడం తలుపు తీసింది. "గర్ల్, కెన్ యూ రీడ్ దిస్?" అని కాగితం నా చేతికిచ్చింది. నా చేతులు అలవాటుగా దాన్ని మూడుసార్లు కళ్ళకద్దాయి.

"వై యూ డూ లైక్ దట్?"

"హీ రైట్ విత్ లెగ్, మేడం. హిజ్ హ్యాండ్ కెనాట్ సే సారీ. సో ఐ సే."

నేను పేరు చదివాను. ఆవిడ ఫారంలో చూసుకుంది. నన్ను మళ్ళీ బయట నిలబెట్టి, తలుపు మూసి, వాడికి తినడానికి ఏమిష్టమో రాయమందట. ఆ కాగితం తెచ్చి మళ్ళీ నాకిచ్చింది. కళ్ళకద్దుకుని చూశాను. రెండక్షరాలు.

"అట్టు," అని చదివాను. "దోశ, మేడం."

"దోశ!" అని తమ్ముడు లోపల్నుంచి అరిచాడు, మేడం ఎక్కడ ఇంకేదో అనుకుంటుందోనన్నట్టు. అమ్మ తల ఎత్తలేదు.

అంతా అయ్యాక అమ్మ భయం భయంగా, "ఫుట్ ఓకే, మేడం?" అంది. మేడంకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. మాకు పంపిన ఉత్తరం కాపీ తీసి చూపించింది. పిల్లవాడి రాత చూపించాలి అని ఉంది. చేత్తో అని ఎక్కడా లేదు. అమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. వేలుపెట్టి ఇంకోసారి చదివింది.

తిరుగు ట్రైన్లో వాడి కుడికాలు ఒళ్ళో పెట్టుకుని, కాలిన వేలిని బొటనవేలితో నిమురుతూ కూర్చుంది.

"నౌ నో పెయిన్ లా, అమ్మా," అన్నాడు వాడు.

అమ్మ పిడికిలి బిగించి నుదుటి మీద కొట్టుకుంది. ఒకసారి, రెండుసార్లు, ఇంకా. ఎదురు సీట్లో కూర్చున్నవాళ్ళు లేచి అవతలికి వెళ్ళిపోయారు.

సీటు వచ్చింది. నాన్న యార్డునుంచి చెక్కలు తెచ్చి, కాలి ఎత్తుకు సరిపడా వాలుబల్ల ఒకటి చేసి పెట్టాడు. తమ్ముడు ఇప్పుడు క్లెమెంటిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు, కీబోర్డు కింద పెట్టుకుని. నేను ఆఖరిదాకా ఇంట్లోనే చదువుకున్నాను. అమ్మ పోయి మూడేళ్ళయింది. చివరి నెలల్లో ఆమె మందుల పేర్లు వాడే కాలితో రాసి గోడకు అంటించాడు. అమ్మ మాత్ర వేసుకునేముందు లేచి ఆ కాగితాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకునేది. లేవలేనప్పుడు నాకేసి చూసేది. ఆమె బదులు నేను అద్దుకునేదాన్ని.

అంకుల్ కబురు తమ్ముడికి ఫోన్లో చెప్పాను. "అక్కా, నేను ఇప్పటికీ తలకట్టే ముందు పెడతాను. అమ్మకి తెలియకుండా దాచేశాను," అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. అంకుల్ దాచిన అట్టలు మా ఇంట్లోనే ఉన్నాయి, అవి తీసి, తెచ్చిన పూలలో సగం వాటి మీద పెట్టాను.

తమ్ముడు ఈ సంగతి ఎక్కడ చెప్పినా, విన్నవాళ్ళు అంకుల్‌ని దేవుడిలా వచ్చాడంటారు. నిజమే. అమ్మ గురించి మాత్రం ముఖం తిప్పుకుంటారు, అట్లకాడ దగ్గరే ఆమెను వదిలేస్తారు. అదీ న్యాయమే, నేను కాదనను. ఆ మచ్చ ఇంకా వాడి వేలి మీదే ఉంది. కానీ ఆ కాలినే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది కూడా ఆమే.

అంకుల్‌ని తలచుకోవడానికి చాలామందే ఉన్నారు. ఇది చదివిన మిమ్మల్ని నేను అడిగేది అమ్మ కోసం. క్షమించమని కాదు, మెచ్చుకోమనీ కాదు. ఎప్పుడైనా మీ కాలు పొరపాటున ఏ కాగితానికో తగులుతుంది. మీరు వంగి, ముట్టుకుని, కళ్ళకద్దుకుంటారు. అప్పుడు మా అమ్మను ఒక్కసారి తలచుకోండి.